పెరటి చెట్లలో కాండం తొలిచే పురుగు: గుర్తించడం ఎలా, అరికట్టడం ఎలా?

మామిడి నీడ (ఎం.వి.పి. కాలనీ), ఫిబ్రవరి 4

సభ్యులందరికీ నమస్కారం. మా పెరట్లో మా మామగారు నాటిన బంగినపల్లి మామిడి చెట్టు ఉంది. దాని వయసు ఇప్పుడు సుమారు 40 ఏళ్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు దక్షిణం వైపు కొమ్మ ఒకటి చీలిపోయి పడిపోయింది గాని, మిగిలిన చెట్టు నిలబడి ఏటా కాస్తూనే ఉంది. ఈ ఏడాది సంక్రాంతి నాటికి చెట్టంతా పూత పట్టినా, ఆ పాత గాయానికి పైనున్న పెద్ద కొమ్మ మాత్రం పూయలేదు. దాని ఆకులు మొదట వడలి, తరువాత గోధుమ రంగుకు తిరిగి, రాలకుండా కొమ్మనే పట్టుకొని వేలాడుతున్నాయి.

నిన్న నిచ్చెన వేయించి దగ్గరగా చూశాను. గాయం అంచున చిటికెన వేలు పట్టేంత రంధ్రాలు మూడు ఉన్నాయి. ఒకదాని నుంచి జిగురు కారి నల్లగా గడ్డకట్టింది. మరొకదాని కింద రంపంతో కోసినప్పుడు రాలే పొట్టు వంటిది తడితడిగా కుప్ప పడి ఉంది. ఇది ఏ పురుగు? చెట్టుకు పన్నెండు అడుగుల దూరంలోనే మేము వాడుకునే నుయ్యి ఉంది. కాయలు మా మనవలు తింటారు. కాబట్టి ఏ మందు వాడాలన్నా నాకు భయంగానే ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

గోపాలపట్నం వాసి, ఫిబ్రవరి 4

అమ్మా, చెట్టు ఎండడం, కింద పొట్టు రాలడం అంటే చెదలే అయి ఉంటుంది. మా ఇంట్లో వేప చెట్టు మానుకు అడుగు నుంచి ఆరడుగుల వరకు మట్టి పట్టేసింది. చెదల మందు నీళ్లలో కలిపి మొదలు చుట్టూ పోస్తే పోతుంది.

సీతమ్మధార మొక్కలు, ఫిబ్రవరి 4

గోపాలపట్నం వాసి గారూ, మన్నించండి, ఇది చెద కాదని నా అభిప్రాయం. చెద పట్టిన మాను మీద తడి మట్టితో కట్టిన పొర గాని, సన్నని మట్టి గొట్టాలు గాని కనిపిస్తాయి. ఆ మట్టిని గీరి చూస్తే ఎండిన పైబెరడును మాత్రమే అది తిన్నట్టు, లోపలి బెరడు పచ్చగానే ఉన్నట్టు చాలాసార్లు తెలుస్తుంది. అప్పుడు మట్టిని గోనె ముక్కతో తుడిచేస్తే దాదాపు సరిపోతుంది. గుండ్రని రంధ్రం, దాని నుంచి బయటికి తోసిన చెక్కపొట్టు, కారిన జిగురు, ఒకే ఒక కొమ్మ ఎండడం, ఈ నాలుగూ కలిసి ఉన్నప్పుడు పురుగు చెట్టు లోపల ఉందన్న మాట. మొదట్లో చెదల మందు పోసినా అది అంత ఎత్తున చెక్క నడుమ ఉన్న పురుగును చేరదు, నుయ్యిని మాత్రం చేరవచ్చు. మామిడి నీడ గారు నుయ్యి సంగతి ముందే చెప్పారు కాబట్టి ఈ విషయంలో తొందర వద్దని గట్టిగా కోరుతున్నాను.

విశ్రాంత ఉద్యానాధికారి, ఫిబ్రవరి 5

మామిడి నీడ గారూ, మీరు వర్ణించిన లక్షణాలను బట్టి ఇది మామిడి కాండం తొలుచు పురుగు. శాస్త్రీయ నామం బాటోసెరా రూఫోమాక్యులేటా. ఉద్యోగంలో ఉన్న కాలమంతా ఈ పురుగు వల్ల ముసలి మామిడి చెట్లు పోవడం చూశాను. వాటిలో చాలా చెట్లను ముందే చూసి ఉంటే కాపాడగలిగేవాళ్లం. అందుచేత కొంచెం విపులంగా రాస్తున్నాను.

తల్లి పురుగు, అంటే పూర్తిగా ఎదిగి రెక్కలు వచ్చిన పురుగు, సుమారు రెండంగుళాల పొడవున్న బూడిద రంగు పెంకు పురుగు. దాని మీసాలు ఒంటికన్నా పొడవుగా ఉంటాయి. తల వెనుక భాగం మీద గులాబీ, నారింజ కలిసిన రంగులో రెండు మచ్చలు ఉంటాయి. వాటిని ఒకసారి చూసినవారు మళ్లీ పొరబడరు. వర్షాలు మొదలయ్యే రోజుల్లో ఈ పురుగులు చెట్టు నుంచి బయటికి వస్తాయి. పగలు దాగి, రాత్రి తిరుగుతూ, లేత కొమ్మల బెరడును కొరుకుతాయి. బెరడు పగుళ్లలోను, పాత గాయాల అంచుల్లోను గుడ్లు పెడతాయి. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల పురుగు మొదట బెరడు కింద తిని, తరువాత చెక్కలోకి దిగి, నెలల తరబడి సొరంగాలు తొలుస్తుంది. పూర్తిగా ఎదిగిన పిల్ల పురుగు లేత పసుపు రంగులో, కాళ్లు లేకుండా, గట్టి నల్లని దవడలతో మూడున్నర అంగుళాల వరకు ఉంటుంది. చెట్టు నీరు, ఆహారం నడిచే దారులను అది తెంచడం వల్లనే ఒక కొమ్మ ఒక్కసారిగా వాడినట్టు మనకు కనిపిస్తుంది. మామిడి ఒక్కటే కాదు, పనస, అంజూర, బూరుగు చెట్లను కూడా ఇది ఆశిస్తుంది.

ఇప్పుడు మీరు చేయవలసిన మొదటి పని మందు కొనడం కాదు, ఏ రంధ్రంలో పురుగు బతికి ఉందో తేల్చుకోవడం. మూడు రంధ్రాల కింద ఉన్న పొట్టును పూర్తిగా ఊడ్చి, రంధ్రాల నోళ్లను తడి బంకమట్టితో పలుచగా మూసి, కింద తెల్లని పాత బట్ట పరచండి. పురుగు బతికి ఉన్న రంధ్రం మట్టి ఒకటి రెండు రోజుల్లో మళ్లీ తెరుచుకుంటుంది, బట్ట మీద తాజా పొట్టు పడుతుంది. పడకపోతే ఆ రంధ్రం పాతది, తల్లి పురుగు ఎప్పుడో వెళ్లిపోయింది. ఈ చిన్న పరీక్ష చేయకుండా కనిపించిన ప్రతి రంధ్రంలోను మందు నింపడం వల్ల డబ్బు, చెట్టు రెండూ నష్టపోవడం నేను చూశాను.

బతికి ఉన్న రంధ్రాన్ని గుర్తించాక, దాని నోటి దగ్గర కుళ్లిన బెరడును పదునైన కత్తితో ఆరోగ్యమైన చెక్క కనిపించేవరకు తీసేయండి. సైకిల్ చువ్వ చివరను చిన్న కొక్కెంలా వంచి, సొరంగం వెంట మెల్లగా తోసి తిప్పండి. పురుగు తగిలితే చువ్వ మెత్తగా దిగబడుతుంది, బయటికి లాగితే పురుగు గాని, దాని చర్మం, రసం గాని వస్తాయి. తరువాత ఇంజెక్షన్ సిరంజీతో కొంచెం కిరోసిన్ గాని, వేపనూనె గాని లోపలికి పంపి, దూది ఉండ పెట్టి, బంకమట్టితో నోరు గట్టిగా మూసేయాలి. పూర్తిగా ఎండిన కొమ్మను మాత్రం ఉంచవద్దు. పచ్చి చెక్క కనిపించేవరకు కోయించి, ఆ కోత మీద బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన పూత) పూయించండి.

పెందుర్తి రైతు, ఫిబ్రవరి 5

అయ్యా, నాకు ఒక దుకాణంలో రంధ్రంలో వేయడానికి మాత్రలు ఇచ్చారు. ఒక మాత్ర వేసి మట్టితో మూస్తే చాలన్నారు. వాటిని పెరట్లో వాడవచ్చా?

విశ్రాంత ఉద్యానాధికారి, ఫిబ్రవరి 5

వాడకండి. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు అయి ఉంటాయి. తేమ తగిలితే వాటి నుంచి ఫాస్ఫీన్ వాయువు వెలువడుతుంది. ఆ విషానికి విరుగుడు లేదు. సాధారణ ప్రజలకు దాని అమ్మకం మీద ఆంక్షలు ఉన్నాయి. పిల్లలు తిరిగే పెరట్లో, కిటికీ పక్కనున్న చెట్టులో అది పెట్టడం ప్రాణంతో చెలగాటమే. ఆ పొట్లాన్ని ఇంట్లో ఉంచకుండా, చేతితో తాకకుండా, కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వండి. అలాగే పాత పుస్తకాల్లో, పాత కరపత్రాల్లో డైక్లోర్వాస్ అనే పురుగుమందుతో తడిపిన దూది పెట్టమని ఉంటుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం జారీ చేసిన ఉత్తర్వు ప్రకారం 2020 డిసెంబరు 31 నుంచి డైక్లోర్వాస్‌ను నిషేధించారు. ఎవరి దగ్గరైనా పాత సీసా మిగిలి ఉంటే దాన్ని వాడకూడదు. పురుగును చువ్వతో చంపగలిగినప్పుడు విషం అక్కర్లేదన్నది నా పట్టుదల. పెరటి చెట్టు తోట కాదు, ఒకటి రెండు చెట్లకు ఓపికగా చేతితో చేసే పని సాధ్యమే.

మామిడి నీడ (ఎం.వి.పి. కాలనీ), ఫిబ్రవరి 11

మీరు చెప్పినట్టే చేశాము. మట్టితో మూసిన మూడు రంధ్రాలలో రెండు అలాగే ఉండిపోయాయి. ఒకటి మాత్రం మరునాటికే తెరుచుకొని, బట్ట మీద పిడికెడు పొట్టు పడింది. మా అబ్బాయి సైకిల్ చువ్వను దాదాపు జానెడు లోపలికి దించి తిప్పేసరికి మెత్తగా తగిలింది. మూడుసార్లు జారిపోయి, నాలుగోసారి లాగగా నా చూపుడు వేలంత లావున్న పురుగు బయటపడింది. అంత పెద్ద పురుగు మా చెట్టులో ఉండి, కొమ్మ ఎండేవరకు మాకు తెలియకపోవడం తలచుకుంటే నాకు దుఃఖం కలిగింది.

కిరోసిన్ మా వీధిలో ఎక్కడా దొరకలేదు గనుక వేపనూనెనే సిరంజీతో పంపి మట్టి పెట్టాము. ఎండిన కొమ్మను చెట్లెక్కే మనిషిని పిలిపించి కోయించాము. బోర్డో పేస్టు ఇంట్లో చేసుకోవడం ఎలాగో ఎవరైనా చెప్పగలరా? దుకాణంలో దొరికేది పెద్ద సంచుల్లోనే ఉంది.

సీతమ్మధార మొక్కలు, ఫిబ్రవరి 11

ఇంట్లో చేసుకోవడం సులభం. 100 గ్రాముల మైలుతుత్తాన్ని అర లీటరు నీళ్లలో ప్లాస్టిక్ డబ్బాలో రాత్రి నానబెట్టండి. వేరే డబ్బాలో 100 గ్రాముల సున్నాన్ని అర లీటరు నీళ్లలో కలిపి వడకట్టండి. ఉదయం రెండింటినీ ఒకేసారి మూడో ప్లాస్టిక్ పాత్రలోకి కర్రతో కలుపుతూ పోయండి. ఇనుప పాత్ర, ఇనుప గరిటె వాడకూడదు. తయారయ్యాక శుభ్రమైన ఇనుప మేకు గాని, కత్తి గాని కాసేపు ముంచి చూడండి. దాని మీద రాగి రంగు పూత పడితే సున్నం తక్కువైనట్టు, మరికొంచెం సున్నం కలపాలి. తయారైన రోజే వాడుకోవాలి, మరునాటికి దాచితే పనికిరాదు. కోసిన చోట, బెరడు తీసిన చోట బ్రష్షుతో పూయండి. ఇది గాయంలోకి శిలీంధ్రాలు చేరకుండా ఆపుతుందే గాని పురుగును చంపదు. ఈ తేడా తెలియక పేస్టు పూసి పురుగును లోపల వదిలేసినవారు నాకు తెలిసి ఇద్దరున్నారు.

మర్రిపాలెం వడ్రంగి, ఫిబ్రవరి 12

అమ్మా, కోసిన కొమ్మను ఏం చేశారు? వంటచెరకుకు గాని, గోడ పక్కన గాని పేర్చి ఉంచితే లోపల మిగిలిన పురుగులు కట్టెలోనే ఎదిగి వర్షాకాలంలో తల్లి పురుగులై వచ్చేస్తాయి. నా దగ్గరకు వచ్చిన మామిడి దుంగలను చీల్చినప్పుడు బతికున్న పురుగులు చాలాసార్లు దొరికాయి. వెంటనే చిన్న ముక్కలుగా చీల్చి కాల్చివేయడమే మంచిది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఎండిన దూలాల్లో, వెదురులో పిండిలా సన్నని పొడి రాల్చే పురుగు వేరు. అది ఆరిన కలపను తింటుంది, పచ్చి చెట్టును ఆశించదు. నల్లని గండు తుమ్మెద కూడా ఎండు కర్రలోనే గుండ్రంగా తొలిచి గూడు పెడుతుంది. ఈ రెండింటినీ చూసి పచ్చని చెట్టుకు మందు కొట్టించినవారిని ఎరుగుదును.

పెందుర్తి రైతు, ఫిబ్రవరి 14

మాత్రలు తిరిగి ఇచ్చేశాను. నా సమస్య జామ చెట్టుది. కొమ్మలు చీలే పంగల దగ్గర బెరడు మీద గోధుమ రంగులో పట్టీల్లాగా, సాలెగూడు, పొట్టు కలిసిన జల్లి పొడవుగా అంటుకొని ఉంది. రంధ్రం మాత్రం పంగలో ఒకటే కనిపిస్తోంది. పక్కనే ఉన్న మునగకు కూడా ఇలాగే ఉంది. ఇది కూడా మామిడి పురుగేనా?

విశ్రాంత ఉద్యానాధికారి, ఫిబ్రవరి 15

కాదు. మీ చెట్టుకు పట్టింది బెరడు తినే గొంగళి పురుగు. శాస్త్రజ్ఞులు ఇండార్బెలా అంటారు. ఇది పెంకు పురుగు జాతి కాదు, సీతాకోకచిలుకను పోలిన రెక్కల పురుగు పిల్ల. జామ, మామిడి, నేరేడు, రేగు, నిమ్మ, మునగ వంటి చాలా చెట్లను ఆశిస్తుంది. పగలంతా పంగలో తొలుచుకున్న పొట్టి సొరంగంలో దాగి, రాత్రి బయటికి వచ్చి, మీరు చూసిన ఆ జల్లి కింద నడుస్తూ బెరడును గీకి తింటుంది. అందుకే రంధ్రం ఒకటే ఉన్నా జల్లి మూరెడు పొడవు ఉంటుంది. మామిడి పురుగు చెక్కలోనే బతికి పొట్టును బయటికి తోస్తుంది, ఇది బయట తిని లోపల నిద్రిస్తుంది. రెంటికీ ముఖ్యమైన తేడా ఇదే.

దీని సొరంగం నిడివి తక్కువ కాబట్టి అరికట్టడం సులువు. ముందు గట్టి బ్రష్షుతో జల్లిని శుభ్రంగా తీసేయండి. దాని కింద రంధ్రం స్పష్టంగా కనిపిస్తుంది. అందులోకి చువ్వ దించి పురుగును చంపి, వేపనూనె చుక్కలు వేసి మట్టితో మూసేయండి. వారం తరువాత మళ్లీ జల్లి కడితే పురుగు బతికే ఉందని అర్థం. రెక్కల పురుగులు ఎండాకాలంలో వచ్చి బెరడు పగుళ్లలో గుడ్లు పెడతాయి గనుక, వర్షాలు పడ్డాక జూలై, ఆగస్టు నెలల్లో చెట్లను ఒకసారి పంగ పంగా పరిశీలించండి. జల్లి జానెడు లోపు ఉన్నప్పుడే పట్టుకోగలిగితే చెట్టుకు కష్టం ఉండదు. నిర్లక్ష్యం చేసిన చెట్లలో మాత్రం బెరడు చుట్టూ తినేసి కొమ్మ ఎండిపోతుంది.

గాజువాక కొబ్బరి, ఫిబ్రవరి 20

మా పెరట్లో కొబ్బరి చెట్లు మూడు. ఒకదాని కొత్త ఆకులు విసనకర్ర కత్తిరించినట్టు విచ్చుకుంటున్నాయి. మరొకదాని మాను మీద నాలుగడుగుల ఎత్తున ఎర్రటి చిక్కని ద్రవం కారుతోంది. రెండింటికీ ఒకే మందు వాడవచ్చా?

మధురవాడలో కోనసీమ, ఫిబ్రవరి 20

తమ్ముడూ, ఆ రెండూ రెండు వేర్వేరు పురుగులు, వైద్యం కూడా వేర్వేరు. ఆకు విసనకర్రలా కత్తిరించేది కొమ్ము పురుగు. మువ్వలోకి, అంటే చెట్టు తల నడుమ ఉండే లేత చిగురులోకి తొలిచి, విచ్చుకోని ఆకును నమిలేది తల్లి పురుగే. దాని పిల్ల పురుగులు చెట్టులో ఉండవు. పెంటకుప్పలో, కుళ్లిన కొబ్బరి మొద్దుల్లో పెరుగుతాయి. మీ పెరట్లో గాని, పక్కింటి దొడ్లో గాని పేడకుప్ప, పడిపోయిన మొద్దు ఉన్నాయేమో చూడండి. అది తీసేయకుండా చెట్టెక్కి ఎంత చేసినా ఫలితం ఉండదు. కుప్పను తిరగేసి, దొరికిన తెల్లని ముడుచుకున్న పురుగులను ఏరి చంపాలి, మెటారైజియం శిలీంధ్రపు పొడి కూడా కలుపుకోవచ్చు. చెట్టు మీద కొక్కెంతో పురుగును లాగి, మువ్వ చుట్టూ ఉన్న మూడు ఆకుల మొదళ్లలో 250 గ్రాముల వేపపిండిని అంతే ఇసుకతో కలిపి వేయించండి.

ఎర్రటి ద్రవం కారే చెట్టు విషయం తీవ్రమైనది. అది ఎర్ర ముక్కు పురుగు. దాని పిల్ల పురుగులు మాను లోపలే గుంపుగా పెరిగి, గుజ్జంతా తినేస్తాయి. మాను మీద చెవి పెట్టి నిశ్శబ్దంగా వింటే కరకరమని నమిలే చప్పుడు వినిపించవచ్చు. మా నాన్నగారు తెల్లవారుజామునే ఆ పని చేసేవారు. మువ్వ ఇంకా నిలిచి ఉంటే ఆశ ఉంది. మువ్వ వాలిపోతే ఆ చెట్టును కొట్టి, చీల్చి, కాల్చడం తప్ప మార్గం లేదు. ఈ పురుగు గాయం వాసనకు వస్తుంది. అందుచేత ఎక్కడానికి మానుకు మెట్లు నరకవద్దు, పచ్చి మట్టలను మొదలుకంటా కోయవద్దు, నాలుగు అడుగుల మట్ట వదిలి కోయాలి. కొమ్ము పురుగు చేసిన గాయాల్లోనే ఎర్ర ముక్కు పురుగు గుడ్లు పెడుతుంది గనుక మొదటి చెట్టును కూడా ఈ వారంలోనే చూసుకోండి. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానం కొబ్బరి మీద చాలాకాలంగా పనిచేస్తోంది. చెట్టు ఫోటోలతో అక్కడి శాస్త్రవేత్తలను అడగడం మంచిది.

గాజువాక కొబ్బరి, ఫిబ్రవరి 23

పక్క ఖాళీ స్థలంలో రెండేళ్ల నాటి కొబ్బరి మొద్దు ఉంది. చీల్చగా ముప్పైకి పైగా పురుగులు దొరికాయి. ద్రవం కారే చెట్టు మువ్వ నిన్న వాలిపోయింది. దాన్ని కొట్టించక తప్పలేదు.

సీతమ్మధార మొక్కలు, ఫిబ్రవరి 24

కొట్టించిన చెట్టు గురించి చదివి బాధ కలిగింది. కొట్టవలసి వచ్చే ఇతరులు మన రాష్ట్రంలో చెట్ల నరికివేతను 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం నియంత్రిస్తుందని గుర్తుంచుకొని, ముందుగా అనుమతి సంగతి కనుక్కోవాలి.

మామిడి నీడ గారిని ఒక మాట అడగాలని ఉంది. మీ చెట్టు చుట్టూ గచ్చు చేయించారా?

మామిడి నీడ (ఎం.వి.పి. కాలనీ), ఫిబ్రవరి 24

అవును. నాలుగేళ్ల కిందట పెరడంతా సిమెంటు చేయించి, పైన టైల్స్ వేయించాము. మాను చుట్టూ జానెడు మాత్రమే వదిలాము. అది తప్పా?

విశ్రాంత ఉద్యానాధికారి, ఫిబ్రవరి 25

తప్పేనమ్మా, కానీ సరిదిద్దుకోగల తప్పు. వేళ్లకు గాలి, నీరు అందక చెట్టు నీరసిస్తుంది. బలంగా ఉన్న చెట్టు తన జిగురుతోనే చిన్న పిల్ల పురుగులను బెరడు దగ్గరే కొంతవరకు ముంచి చంపగలదు, నీరసించిన చెట్టుకు ఆ శక్తి తగ్గుతుంది. మీ చెట్టులో తుపాను గాయం తలుపు తెరిచింది, గచ్చు చెట్టు బలాన్ని తీసింది. మాను నుంచి కనీసం నాలుగు అడుగుల మేర టైల్స్ పగలగొట్టించి, మట్టిని మెల్లగా గుల్ల చేసి, మాగిన పశువుల ఎరువు వేసి, ఎండాకాలంలో వారానికొకసారి నిండుగా నీరు పెట్టండి. అయితే మట్టిని మానుకు ఆనించి పోగు చేయవద్దు. మొదలు తడిగా మట్టిలో మునిగితే అక్కడా బెరడు కుళ్లి, పురుగుకు మరో చోటు దొరుకుతుంది. బట్టలు ఆరవేసే తీగకు మేకులు కొట్టి ఉంటే అవి కూడా తీయించండి.

మామిడి నీడ (ఎం.వి.పి. కాలనీ), జూలై 9

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. మార్చిలో టైల్స్ తీయించాము. మట్టితో మూసిన రంధ్రం అలాగే ఉంది, కొత్త పొట్టు పడలేదు. మే నెలలో మిగిలిన కొమ్మలు బాగానే కాశాయి. కోత కోసిన చోట అంచుల నుంచి కొత్త బెరడు ఉంగరంలా పెరుగుతోంది.

నిన్న రాత్రి వాన వెలిశాక వరండా దీపం దగ్గర, అధికారి గారు వర్ణించిన తల్లి పురుగు ఒకటి వాలింది. పొడవాటి మీసాలు, తల వెనుక రెండు మచ్చలు. చూడగానే గుర్తుపట్టాను. దాన్ని చంపి సీసాలో ఉంచాను. వెంటనే దీపం పట్టుకొని మాను చుట్టూ చూస్తే నడుమెత్తున బెరడు మీద కొత్తగా కొరికిన గీతలు రెండు కనిపించాయి. వాటిలో గుడ్లు ఉండవచ్చా? ఇప్పుడే గీరి తీసేయనా, వేచి చూడనా?

విశ్రాంత ఉద్యానాధికారి, జూలై 10

వేచి చూడవద్దు. ఆ గీతల చోట బెరడును కత్తి మొనతో అర అంగుళం లోతున గీరండి. బియ్యపు గింజ వంటి తెల్లని గుడ్డు గాని, సన్నని పిల్ల పురుగు గాని కనిపిస్తే తీసి నలిపేసి, ఆ చోట బోర్డో పేస్టు పూయండి. మాను మీద నేల నుంచి మూడు నాలుగు అడుగుల ఎత్తు వరకు వేపనూనెను సబ్బు నీళ్లలో కలిపి పూయించండి. సెప్టెంబరు దాకా వారానికొక రాత్రి దీపం పట్టుకొని ఇలాగే చూడండి. ఆ సీసాలోని పురుగును మాత్రం పారేయకండి, మీ వీధిలో మామిడి, పనస చెట్లున్న ప్రతి ఇంటికీ తీసుకెళ్లి చూపించండి. ఒక ఇంట్లో మిగిలిన పురుగు మరుసటి వర్షాకాలంలో పక్కింటి చెట్టుకు వస్తుంది.

మామిడి నీడ (ఎం.వి.పి. కాలనీ), జూలై 10

గీరాను. ఒక గీతలో గుడ్డు దొరికింది, రెండోది ఖాళీగా ఉంది. సాయంత్రం సీసాతో నాలుగు ఇళ్లకు వెళ్లాను. మూడో ఇంటి పనస చెట్టు మొదట్లో తాజా పొట్టు పడి ఉంది. రేపు ఉదయం మా అబ్బాయి సైకిల్ చువ్వ తీసుకొని వాళ్లింటికి వెళ్తున్నాడు.